ఎదురేటి గంగమ్మ: లీ నది మెట్ల మీద అమ్మవారు వెలసిన వైనం

ఐర్లాండ్ దక్షిణ తీరంలోని కార్క్ నగరంలో లీ నది రేవు వెంట తూర్పుగా నడిస్తే, గోదాములు అయిపోయిన చోట ఒక రాతి గోడ నదిలోకి ముక్కులా పొడుచుకొని వస్తుంది. గోడకు సముద్రం వైపున పాత పడవల షెడ్డు, షెడ్డు ముందు నీళ్లలోకి దిగే రాతి మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల మీద గోడకు ఆనుకొని కూర్చున్న నల్లని రాయే ఎదురేటి గంగమ్మ. ఇక్కడ గర్భగుడి లేదు, గోపురం లేదు. పసుపు పూసిన ముఖం, కుంకుమ బొట్టు ఉన్నాయి. ఈ ఊళ్లో వాన పడని రోజు అరుదు కనుక ఆ రెండూ రోజూ కొత్తగా పెట్టవలసి వస్తుంది. నగర బస్సులో వచ్చే యాత్రికులు చివరి స్టాపులో దిగి కొద్ది దూరం నడిస్తే చాలు. పోటు నిండుగా ఉన్న వేళ నీళ్లు అమ్మవారి పాదాలను తాకుతాయి. అప్పుడు దర్శనం గట్టు మీద నుంచే చేసుకోవాలి.

ఈ నగరానికి పండుగలు తక్కువేమీ కాదు. వసంతంలో దేశదేశాల గాయకబృందాలు వచ్చి పాడతాయి. జూన్ మొదట్లో వేలమంది వీధుల్లో మారథాన్ పరుగు తీస్తారు. వేసవి పొడవునా హర్లింగ్ ఆట నడుస్తుంది. చేతికర్రతో బంతిని గాలిలోనే కొట్టే ఆ ఆట ఉన్న రోజు ఊరంతా ఎరుపూ తెలుపూ అవుతుంది. అక్టోబరు చివర జాజ్ సంగీతం సందుల్లోకి, సారాయి దుకాణాల్లోకి కూడా చొరబడుతుంది. అయితే మన యాత్రికులు రావలసింది జూన్ నెల పడవ పందెం రోజున. ఓడరేవు దగ్గర బయలుదేరిన పడవలు పోటు నీటి మీద నదిలోకి ఎక్కి, నగరం మధ్య వంతెన దాకా తెడ్లు వేసుకొని వస్తాయి. అమ్మవారి జాతర ఆ రోజే.

పూర్వం ఇక్కడ పడవలూ పందెమూ ఉన్నాయి కాని అమ్మవారు లేదు. పూర్వం అంటే ఏ యుగాల నాటి మాటో కాదు. చూసినవారు ఇంకా ఇదే ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

ఆ రోజుల్లో మైలపల్లి నూకరత్నం ఈ నగరంలో బస్సు నడిపేది. ఆమెది భీమిలి దగ్గరి చేపలవాళ్ల పల్లె. తండ్రి, తాత వేట చేసి బతికినవారు. ఆ పల్లెలో ఆడవాళ్లు చేపల తట్ట మోయవచ్చు, చేప ఎండబెట్టవచ్చు, పడవ ముఖానికి పసుపు పూయవచ్చు. పడవలో కాలు మాత్రం పెట్టకూడదు. పెడితే వల ఖాళీగా తిరిగి వస్తుందని నమ్మకం. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మగవాళ్లు తెడ్లు నిలువుగా ఎత్తి, గంగమ్మకు దణ్ణం పెట్టి, పూలు వదిలి దాటేవారు. నూకరత్నం చిన్నప్పటి నుంచి అదంతా ఇసుక మీద నిలబడి చూసింది. తండ్రి పోయాడు, పడవ అమ్ముడుపోయింది. ఆమె దాన్ని ఎక్కనే లేదు.

బస్సు రోజూ ఈ షెడ్డు ముందు నుంచే వెళ్లేది. లోపల బోర్లించిన పడవలు కనిపించేవి. ఒక సెలవు రోజున ఆమె నేరుగా లోపలికి వెళ్లి, ఆడవాళ్లకు పడవ ఇస్తారా అని అడిగింది. పడవలు చూసుకునే ముసలాయన ఫిన్‌బార్ ట్వోమీ ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఇంతకు ముందు ఏమైనా నడిపావా?”

“బస్సు నడుపుతాను.”

“అయితే ఫరవాలేదు. అదీ ఊగేదే.”

ఆయన ఒక పాత పడవ ఇచ్చాడు. నాలుగు తెడ్లు, వెనక ఒక చుక్కాని. నూకరత్నం మనుషులను పోగు చేసింది. బాపట్ల నుంచి వచ్చిన నర్సు సువార్త ఒక తెడ్డు పట్టింది. కంప్యూటర్ కంపెనీలో పనిచేసే కరీంనగర్ అక్కచెల్లెళ్లు రెండు పట్టారు. తెనాలి పళ్ల డాక్టరు హైమావతికి గొంతు పెద్దది కనుక చుక్కాని ఇచ్చారు. మొదటి ఏడాది పందెంలో వాళ్లు సగం దారి వచ్చేసరికి చేతులు బొబ్బలెక్కి ఆగిపోయారు. రక్షక పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. లాక్కొస్తున్న ఫోటో మర్నాటి పేపర్లో పడింది.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. వరసగా రెండేళ్లు పందెం పూర్తి చేయలేని జట్టు తన పడవను, పడవ కోసం ఎదురుచూసే మరో జట్టుకు వదులుకోవాలి. ఫిన్‌బార్ ఆ మాట చెప్పేటప్పుడు నూకరత్నం వైపు చూడలేదు, పడవ వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది. జీవితంలో ఎక్కిన ఒకే ఒక్క పడవ అది. రాబోయే జూన్ తర్వాత మళ్లీ గట్టు మీద నిలబడి చూడవలసి రావచ్చు.

వసంతం రాగానే పడవకు కొత్త రంగు వేశారు. ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాలని నూకరత్నం పట్టుబట్టింది. మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు గట్టుకు కొద్ది దూరంలో ఆగి, తెడ్లెత్తి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాలన్నది. ఆగారు. గాలికి అగరొత్తులు వెలగలేదు. అగ్గిపుల్లలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కొబ్బరికాయ పడవ అంచుకు కొడితే రంగు పోతుందని హైమావతి, కొట్టకపోతే ఎలాగని సువార్త వాదించుకున్నారు. అక్కచెల్లెళ్లు ఫోటోలు తీశారు. కార్క్‌లో ఆటు వచ్చిందంటే నీటి మట్టం రెండు నిలువుల ఎత్తు దిగిపోతుంది. భీమిలి ఒడ్డున అంత తేడా ఉండదు. పైగా ఎప్పుడు ఆగాలో, ఎంతసేపు ఆగాలో చూసుకునేది పడవలో ఉన్న మగవాళ్లు. ఒడ్డున నిలబడి చూసిన పిల్లకు తెడ్డు ఎత్తడం తెలిసింది కాని, ఆ సంగతి తెలియలేదు. పూజ అయ్యేసరికి పడవ బురదలో కూర్చుంది.

“ఓలమ్మ! నీల్లేవే?” అన్నది నూకరత్నం.

“నన్నడుగుతావేం? గంగమ్మను పిలిచింది నువ్వు. ఆవిడేమో సామాను సర్దుకుని వెళ్లిపోయింది” అన్నది హైమావతి.

గట్టు మీద జనం పోగయ్యారు. ఫిన్‌బార్ నోటికి చేతులు అడ్డం పెట్టుకొని అరిచాడు. “హాయిగా కూర్చోండి. సాయంత్రం దాకా నది ఇటు రాదు. టీ పంపమంటారా?”

సువార్త దిగి పడవను తోయబోయింది. మోకాలి దాకా కూరుకుపోయింది. పట్టు కోసం చేయి చాపితే బురదలో రాయి తగిలింది. ఐదుగురూ కలిసి పైకి తీశారు. మోచేయి ఎత్తున నల్లగా ఉంది. పైన సన్నగా, కింద వెడల్పుగా, మోకాళ్లు ముడిచి కూర్చున్న ఆడమనిషిలా ఉంది. మెడ దగ్గర ఒక రంధ్రం. నీళ్లు వచ్చాక ఒడ్డుకు తెచ్చి చూపిస్తే ఫిన్‌బార్ గుర్తుపట్టాడు. “ఇది మా ముత్తాతల కాలపు లంగరు రాయి. పడవ కదలకుండా ఆపేది.”

“మమ్మల్ని ఆపింది కూడా ఈవిడే” అన్నది నూకరత్నం.

బురద వదలని చేతులతో అక్కడే మొక్కుకుంది. “తాడు కట్టించుకోకుండా వంతెన కాడికి సేరతాం తల్లీ. సేరలేకపోతే నానే పడవ అప్పజెప్పేస్తాను. ఎవల్నీ బతిమాల్ను.”

రాయిని హైమావతి ఇంటి పూజగదిలో పెట్టాలని అందరూ అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం నూకరత్నం చివరి స్టాపులో బస్సు ఆపి, తిరుగు ప్రయాణానికి ఇంకా వేళ ఉండటంతో సీటులోనే కునుకు తీసింది. కలలో తడిచీర కట్టుకున్న నల్లని మనిషి ఒకామె బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.

“టికెట్టు తీయమ్మా” అన్నది నూకరత్నం.

“నాకు టికెట్టేటే! బురదలోంచి లేపినావు, ఇప్పుడు గదిలో ఎట్టి తలుపేత్తావా? నాను పందెం సూడ్డానికొచ్చాను. మెట్ల కాడ కూకోబెట్టు. నా ముందు నుంచి ఎల్లేటప్పుడు తెడ్డెత్తి, పువ్వు వొదిలి ఎల్లు. తొందరుందని దాటిపోకు.”

అలా చెప్పి ఆమె దిగిపోయింది. నూకరత్నం కళ్లు తెరిచేసరికి ముందు సీటు తడిగా ఉంది. కిటికీ తెరిచి ఉంది కనుక వాన జల్లు కొట్టి ఉండవచ్చునని హైమావతి నేటికీ అంటుంది. ఏమైతేనేం, ఫిన్‌బార్‌ను అడిగి రాయిని మెట్ల మీద నిలబెట్టారు. లంగరు రాయి పడవల షెడ్డు ముందు ఉండటంలో ఆయనకు అభ్యంతరం కనబడలేదు.

జూన్ వచ్చింది. పందెం ముందు మూడు రోజులు కొండల్లో వాన కురిసి, నది నిండుగా దిగుతోంది. ఆ రోజు నలభై పడవలు బయలుదేరాయి. మన ఆడవాళ్ల చేతులు ఈసారి బొబ్బలెక్కలేదు. వసంతం నుంచీ వేసిన తెడ్లకు అవి గట్టిపడ్డాయి. కాని నగరం దగ్గరపడేసరికి వాన నీరు పోటును వెనక్కి నెట్టేసింది. ఆటు ముందుగానే మొదలైంది. నది నడుమ పడవలు తెడ్లు వేస్తున్నా ఉన్నచోటే ఉన్నాయి. కొన్ని వెనక్కి జారుతున్నాయి. రక్షక పడవ తాళ్లు సిద్ధం చేసుకొని చివరగా వస్తోంది. మెట్లు కనబడ్డాయి.

“ఆపండి. తెడ్లెత్తండి” అన్నది నూకరత్నం.

“పిచ్చా నీకు?” హైమావతి చుక్కాని వదలకుండానే అరిచింది. “ఇప్పుడు ఆగితే వెనక్కి కొట్టుకుపోతాం. నది మనకోసం ఆగుతుందా? వంతెన చేరాక వచ్చి ఎన్ని దణ్ణాలైనా పెట్టుకో.”

“డాక్టరమ్మా, నోరు తెరవమని పేసెంటుకి సెప్పు. నాకు కాదు. దాటిపోవద్దన్నాది, దాటను.”

“అక్కా, పడవ పోతుంది” అన్నది సువార్త మెల్లగా.

తాడు కట్టే మనుషులు వెనక కనబడుతూనే ఉన్నారు. పడవ పోతే మళ్లీ దొరకదని నూకరత్నానికి తెలుసు. అయినా తన తెడ్డును నీళ్లలోంచి తీసి నిలువుగా ఎత్తింది. సువార్త పెదవులు కదిలించి ప్రభువును తలుచుకొని తనదీ ఎత్తింది. అక్కచెల్లెళ్లూ ఎత్తారు. హైమావతి తిట్టుకుంటూనే పడవను మెట్ల వైపు తిప్పింది. నూకరత్నం పసుపు చామంతిని నీళ్లలో వదిలింది.

పువ్వు సముద్రం వైపు పోలేదు. అమ్మవారి పాదాల ముందు ఒక్కసారి గిరుక్కున తిరిగి, గోడ వెంట పైకి, వంతెన వైపు సాగింది.

ఐదుగురూ దాన్నే చూశారు. నది నడుమ నీరు ఎంత వడిగా దిగుతోందో, గోడ ముక్కు చాటున అంత వడిగానూ సుడి తిరిగి ఎదురు పారుతోంది. మెట్ల నుంచి వంతెన దాకా గట్టుకు అలాంటి ముక్కులు వరసగా ఉన్నాయి. హైమావతి తిట్లు మానేసింది.

“గోడకు ఆనించి తీసుకెళ్తా. తెడ్లు గోడకు తగిలితే నన్ననకండి. వెయ్యండే! వెయ్యండి!”

పడవ గోడ నీడలోకి దూరింది. ఒక్కో ముక్కు చాటునా ఎదురేరు వాళ్లను మోసింది. ముక్కు దాటే చోట మాత్రం ప్రాణం పెట్టి లాగవలసి వచ్చింది. నది నడుమ నిలిచిపోయిన పడవలను దాటారు. కిందటి ఏడు వాళ్లను చూసి నవ్విన కుర్రాళ్ల జట్టునూ దాటారు. వాళ్లలో ఒకడు “ఏయ్, ఆ దారి ఎక్కడిది?” అని అరిచాడు. “మా అమ్మది!” అని సువార్త తిరిగి అరిచింది. అది విని కొందరు తమ పడవలను గోడ వైపు తిప్పి వీళ్ల వెనక పడ్డారు.

వంతెన మీద ఆ వేళకు ఆగిన బస్సులు వరసగా హారన్లు మోగించాయి. డ్రైవర్లు కిటికీల్లోంచి సగం బయటికి వచ్చి “రత్నా! రత్నా!” అని కేకలు పెట్టారు. పడవ వంతెన కిందికి చేరింది. తాడు లేదు, సాయం లేదు. ఆ రోజు నది నడుమ నుంచి వచ్చిన పడవల్లో వంతెన చేరినవి కొన్నే. గోడ వెంట వచ్చినవి అన్నీ చేరాయి. నూకరత్నం తెడ్డు మీద తల ఆనించి ఏడ్చింది. హైమావతి ఆమె వీపు మీద ఒక్కటి వేసి, “బస్సు నడిపే మొహమా, గెలిచినప్పుడు నవ్వాలే!” అన్నది. తానూ ఏడుస్తోంది.

అమ్మవారు ఎదురు పారే నీటిని చూపింది కనుక ఎదురేటి గంగమ్మ అయింది. పడవ ఆ జట్టుకే ఉండిపోయింది. నేటికీ పందెం రోజున ప్రతి జట్టూ, ఏ దేశానిదైనా, ఏ మతానిదైనా, ఈ మెట్ల ముందు తెడ్లెత్తి ఒక పువ్వు వదిలి సాగుతుంది. పువ్వు ఎటు పోతే అటు శుభమే. ఎదురెక్కితే గోడ వెంట వెళ్తారు, దిగిపోతే నడుమ నుంచి లాగుతారు. మొదట వచ్చిన జట్టుకు నగరం కప్పు ఇస్తుంది. తాడు లేకుండా చివరగా వచ్చిన జట్టుకు అమ్మవారి దండ వేస్తారు.

పందెం మర్నాడు మరొక ఆచారం ఉంది. అంతవరకూ పడవ ఎక్కని ఆడవాళ్లను నూకరత్నం జట్టు తమ పడవలో కూర్చోబెట్టుకొని అమ్మవారి ముందు ఒక చుట్టు తిప్పుతుంది. ఈ ఊరి పాత బెస్తవాళ్లలోనూ ఆడమనిషి పడవెక్కితే కీడు అనే నమ్మకం ఉండేదట. కిందటి ఏడు ఫిన్‌బార్ అక్క నోరా వచ్చింది. తొంభై దాటిన మనిషి. తండ్రి, భర్త, కొడుకులు అందరూ పడవల మీద బతికినవారే. ఇద్దరు పట్టుకొని ఆమెను ఎక్కించారు. చుట్టు పూర్తయి పడవ మెట్లకు ఆనింది. దిగమ్మా అని చేయి అందిస్తే ఆమె అందుకోలేదు. రెండు అంచులూ గట్టిగా పట్టుకొని, ఎదురుగా నది వైపే చూస్తూ, “తొందరేముంది? ఇంకొకటి తిప్పండి” అన్నది. తిప్పారు.

ఎదురేటి గంగమ్మను కొలిచినవారికి మొదలుపెట్టిన పని సగంలో ఆగదు. ఎక్కవద్దన్న పడవ ఎక్కడానికి ధైర్యం కలుగుతుంది. ఆటు వేళ వచ్చే భక్తులు మెట్ల మీద పాచి ఉంటుంది కనుక జాగ్రత్తగా దిగవలసిందిగా మనవి.