పైడన్న వండిన గ్రహాలు

ఎనిమిది కొండల అవతల, మన ఊళ్ళకి ఇంకా పేర్లు పెట్టకముందు, ఒక రాజ్యం ఉండేది. దానికి ప్రచండబాహు అని ఒక రాజు. సభలోకి ముందు ఆయన మీసం వచ్చేది, తరవాత ఆయన వచ్చేవాడు. కోతలనుకుంటే మీ ఇష్టం, లేచి వెళ్ళిపోవచ్చు.

ఒకరోజు ఆ రాజు దండోరా వేయించాడు.

"మా ముత్తాతగారు గదతో సూర్యుణ్ణి ఒక్క దెబ్బ కొట్టారు. ఎగిరిన ముక్కలే గ్రహాలయ్యాయి. మీరు నిలబడ్డ ఈ భూమి కూడా ఓ ముక్కే. మా ముత్తాత చెయ్యలేదని ఎవడన్నా అంటే వాడి నాలుక కోయిస్తాం."

జనం నోళ్ళు మూసుకున్నారు. చెరుకుతోటల దగ్గర బెల్లం వండే పైడన్న మాత్రం ఫక్కున నవ్వాడు. అంతే, భటులు రెక్కలు విరిచి పట్టి సభకి తెచ్చారు. పాకం ముదిరిందో లేదో వాడు నాలుక మీద వేసుకుని చెప్పేవాడు. ఆ నాలుక పోతే పెనం బోర్లించుకోవాల్సిందే. తలారేమో అప్పటికే కత్తి నూరుతున్నాడు.

"ఎందుకు నవ్వావురా?" అన్నాడు రాజు.

"దెబ్బ కొడితే ముక్కలు తిరగవు కదా మారాజా. ఓ బెల్లం దిమ్మా, మీ గదా ఇప్పించండి. చూపిస్తా."

ఇచ్చారు. ఒక్కటి వేశాడు. ఒక ముక్క ఆస్థాన పండితుడి తలపాగా ఎగరగొట్టింది, ఇంకోటి వెళ్ళి రాణిగారి ఒళ్ళో పడింది.

"చూడండి, ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి. ఒక్కటన్నా తిరుగుతోందా?"

"మరి నీ లెక్కేంట్రా?"

పైడన్న అక్కడే పొయ్యి పెట్టించాడు. పెనంలో చెరుకురసం మరిగించి, తెడ్డుతో గిరగిరా తిప్పి, తెడ్డు తీసేశాడు. తెట్టు నడుమ ముద్దగా చేరింది. దాని చుట్టూ చిన్నచిన్న ముద్దలు, అన్నీ ఒకే వైపు తిరుగుతున్నాయి.

"మొదట్లో అంతా ఒకటే పాకం మారాజా. ఎవరో తెడ్డేసి తిప్పారు. నడుమ చిక్కబడింది సూరీడు. చుట్టూ ముద్దకట్టినవి గ్రహాలు."

రాజు కళ్ళెర్రజేశాడు. "అయితే మా ముత్తాత చెయ్యలేదంటావా?"

తలారి ఒక అడుగు ముందుకేశాడు.

"అంత మాట నేనంటానా దొరా? ఆయనే చేశారు. కాకపోతే ఆయన చేతిలో ఉన్నది గద కాదు, తెడ్డు. అంటే బెల్లం వండే మా వాళ్ళే. వరస చూసుకుంటే మీరు నాకు బావగారు." అని రాణిగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "బాగున్నావా అక్కా?"

రాణిగారి చేతిలో విసనకర్ర జారిపోయింది. రాజు సింహాసనం మీంచి లేచి, ఒళ్ళు మరిచి అరిచాడు. "మా ముత్తాత తెడ్డు పట్టలేదు. ఏ గ్రహాన్నీ చెయ్యలేదు. ముట్టుకోనూ లేదు!"

తలారి పైడన్నని చూశాడు, రాజుని చూశాడు. "మారాజా, ఆజ్ఞ ప్రకారం ఇప్పుడు ఎవరి నాలుక..." అని నసిగాడు.

రాజు చటుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందులోంచే, "ఆ దండోరా రద్దు" అన్నాడు.

తలారి కత్తి ఒరలో పెట్టాక గానీ పైడన్న ఊపిరి పీల్చుకోలేదు.

"అది సరేగానీ, అసలు తిప్పిందెవర్రా?" అన్నాడు రాజు మెల్లిగా.

"నాకేం తెలుసు మారాజా. పని తెలిసినవాడు మాత్రం కాదు. పాకం ముదరకముందే దింపేశాడు. లేకపోతే నాలుగు చినుకులకే ఈ భూమి ఇంత బురదవుతుందా?"

రాజు మీసం ఊడిపోతుందేమో అన్నట్టు నవ్వాడు. నవ్వి నవ్వి, నూరెకరాల చెరుకుతోట పైడన్న పేర రాసిచ్చాడు.

రాణిగారు లోపలికి వెళ్ళి, తమ్ముడికని పంచెల చాపు తెచ్చి పెట్టింది. అది చూసి రాజు మళ్ళీ చేత్తో నోరు మూసుకున్నాడు.