గంగునాయుడు పెళ్ళి ఫొటోలు తీసేసిన వైనం

చోడవరంలో తెలివంటూ ఉంటే అది తన ఫొటో స్టూడియోలోనే ఉందని గంగునాయుడి గట్టి నమ్మకం. "ఉన్నదంతా మనిద్దరికే వచ్చేసిందిరా, ఊరికేం మిగల్లేదు పాపం," అని తమ్ముడు చిట్టినాయుడి దగ్గర జాలిపడేవాడు.

ఓ రోజు అప్పలకొండ గారు రొప్పుతూ వచ్చారు. "సాయంత్రం వియ్యాలవారు పెళ్ళి ఫొటోలు చూడ్డానికొస్తున్నారయ్యా. మా అమ్మాయి కళ్ళు మూసుకున్నవన్నీ తీసెయ్యండి!"

"అలాగే. అమ్మాయిని పిలవండి మరి," అంటూ గంగునాయుడు కెమెరా అందుకున్నాడు. "కళ్ళు మూసుకోమనండి, తీసేస్తాం."

ఆయన నెత్తి బాదుకుని, కంప్యూటర్లోంచి చెరిపెయ్యాలని విడమరిచి చెప్పి వెళ్ళారు.

గంగునాయుడు విశాఖలో ప్రోగ్రాములు రాసే బావమరిది మంగరాజుకి ఫోన్ కొట్టాడు.

"పైథాన్‌లో రాసి పంపిస్తా బావా. నడుపు, అదే తీసేస్తుంది."

"పైథానంటే కొండచిలువే!" చిట్టినాయుడు బల్లెక్కి కూర్చున్నాడు.

పాత కంప్యూటర్లో నడిపితే, 'ఫైలు తెరిచి ఉంది, మూస్తేనే తీస్తా' అంది. ఇంకేముంది! తలుపు మూశారు. కిటికీలు మూశారు. షట్టర్ దించారు. సాంబారు గిన్నె మీద మూత కూడా పెట్టారు. అయినా అది ఒప్పుకోలేదు.

మళ్ళీ ఫోన్ కొడితే మంగరాజు అన్నాడు: "మీ కొత్త కంప్యూటర్లో నడుపు. దాని తీరు వేరు బావా. తెరిచున్నా తీసేస్తుంది. కాకపోతే యజమాని అనుమతి ఉండాలి."

అంతే, పరుగున ఇంటి యజమాని పైడయ్య ముందు వాలారు. "అయ్యా, తీసెయ్యమంటారా?"

వీళ్ళెప్పుడు ఖాళీ చేస్తారా అని ఎదురుచూస్తున్న పైడయ్య ముఖం వెలిగిపోయింది. "అన్నీ తీసెయ్యండి! ఒక్కటీ మిగల్చకండి!"

"ఒప్పుకున్నాడు మంగరాజూ!"

"అయితే ఇక్కణ్ణుంచే అనుమతిచ్చేశా. నొక్కు."

గంగునాయుడు యజమాని మాట జవదాటకుండా 'అన్నీ' నొక్కాడు. కొత్త కంప్యూటర్ కిక్కురుమనకుండా పెళ్ళి మొత్తం మింగేసింది. అప్పలకొండ గారు గుర్తొచ్చి గంగునాయుడు ఏడుస్తూ మళ్ళీ మంగరాజుకి ఫోన్ కొట్టాడు.

"ఏడవకు బావా. అది పాత కాపీలు దాచుకుంటుంది. పెళ్ళిరోజుకి వెనక్కి వెళ్ళు, దొరుకుతాయి."

అంతే! కంప్యూటర్ని ఆటో ఎక్కించి, రివర్స్ గేరు వేయించి, బజారు పొడుగునా వెనక్కి వెనక్కి నడిపించి కల్యాణమండపం చేరారు. లోపల ఎవరిదో పెళ్ళి. సన్నాయి మోగుతోంది.

"దొరికిందిరా తమ్ముడూ!" గంగునాయుడికి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిట్టినాయుడు పెళ్ళికొడుకు మీసాన్ని ఎగాదిగా చూశాడు. "మన ఫొటోల్లోవాడికి మీసం లేదు కదన్నయ్యా?"

"కాపీ కదరా, కాస్త తేడా వస్తుంది," అని గంగునాయుడు విడిది గదిలోంచి గడ్డం కత్తి తెచ్చి, పెళ్ళికొడుకు గడ్డం పట్టుకున్నాడు. "కదలకు బాబూ, సాయంత్రానికల్లా నువ్వు ఒరిజినల్ అయిపోవాలి!"