కళ్లు మూసుకునే బడి

ఏటికి అడ్డంగా కట్ట పడింది, నీళ్లు నిలిచాయి, లోయలో తోపు మునిగింది. గోరింకల గుంపు కొండ మీది సండ్ర చెట్లలోకి కాపురం మార్చింది. అక్కడ పురుగులకి లోటు లేదు, గూళ్లకి లోటు లేదు. అయినా పైడమ్మ అనే గోరింక మాత్రం పొద్దున లేస్తే లోయవైపే మెడ సాచి కూర్చునేది.

ఆ గుంపుకో ఆచారం ఉంది. తొలకరి చినుకు పడిన రోజున, చనిపోయిన గోరింకలన్నిటి పేర్లూ ఒకరు పాడాలి. పేరు పలికితేనే పోయినవాళ్లు గుంపులో ఉన్నట్టు. ఆ పాట పైడమ్మ తల్లి ముత్యాలవ్వది. ఆమె ఒక్కో పేరుని తోపులో ఒక్కో చోట దాచుకుంది. పుట్ట మీద తాత, వంగిన ఇప్పచెట్టు మీద మేనత్త, చీలిన బండ మీద పురిట్లో పోయిన పిల్లలు. కూతుర్ని వెంటేసుకుని ఆ చోట్లన్నీ తిప్పుతూ పాట నేర్పింది. తోపు మునిగాక ముసలిదానికి పేర్లు జారిపోసాగాయి. ఓ పొద్దున ఎటో ఎగిరి వెళ్లి, మళ్లీ రాలేదు.

"తొలకరి దగ్గరపడింది. ఈసారి మీ అమ్మ పేరు కూడా కలుపుతావా?" అని అడిగింది పక్క కొమ్మ మీది కాకి.

"నీ ముక్కు విరగ! మా అమ్మ వస్తుంది. పోయినవాళ్ల పాటలో ఆమెకేం పని?"

అంది గానీ, పైడమ్మకీ పేర్లు జారుతున్నాయి. నిన్నటిదాకా ఉన్న మేనత్త పేరు ఇవాళ నాలుక మీదికి రావడంలేదు. అందుకే, కొండ దిగువన నక్క కొత్తగా జ్ఞాపకాల బడి పెట్టిందని వినగానే బయలుదేరింది. కాకి కూడా వెంటపడి, నక్క కూర్చున్న బండ పక్కనున్న చెట్టు చిటారున వాలింది.

"రావమ్మా కోడలా, రా!" నక్క తోక సర్దుకుంది. "చెట్లూ పుట్టలూ పట్టుకుని ఊగులాడే కాలం పోయింది. నాది సరికొత్త పద్ధతి. నీ ఒళ్లే నీకు పలక. ముక్కు మీద ఒక పేరు, చెవి మీద ఒక పేరు, రెక్క మీద ఇంకోటి. ఇష్టమైనవాళ్లనే పెట్టు. ఇష్టం లేనివి నిలవవు."

పైడమ్మ మెడ పక్కకి వంచింది. "మా అమ్మ చెట్టు మీద పెట్టింది. నువ్వు చెవి మీద పెట్టమంటున్నావు. చోటు మార్చి కొత్తదంటే ఎలా మామా?"

"ఎంత మాట! మీ అమ్మ పద్ధతిలో కళ్లు తెరుచుకుని రెక్కలరిగేలా తిరగాలి. నా దాంట్లో ఈ బండ మీద కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు."

"అయితే తేడా అల్లా కళ్లు మూసుకోవడమేనన్నమాట."

"ఆ మూయడం ఎవరి కడుపు కోసమో కనుక్కో!" అని పైనుంచి అరిచింది కాకి.

నక్క పళ్లు నూరి, వెంటనే నవ్వు పులుముకుంది. పైడమ్మ అడుగు వెనక్కి వేసింది.

"నాకు మందబుద్ధి మామా. ముందు నువ్వు చేసి చూపించు. లేకపోతే నీకే రాని చదువు నాకు చెబుతున్నావని ఈ కాకి ఊరంతా చాటుతుంది."

"నాకు రాదా? నాకా?" పంతుళ్లకి ఆ మాట తగిలితే ఇక ఒళ్లు తెలియదు. నక్క ఠీవిగా కూర్చుని కళ్లు మూసుకుంది. ఇష్టమైనవాటినే తలుచుకుంది. తలుచుకున్నకొద్దీ నోరూరింది, నోరూరినకొద్దీ ఎక్కడున్నదీ మరిచింది.

"ముక్కు మీద కౌజు పిట్ట. ఆహా, వెన్నలా కరిగింది. ఎడమ చెవి మీద చిలుక. ఈకలెక్కువ. నడుం మీద పావురాల జంట. తోక కొసన..." నక్క కిచకిచా నవ్వింది. "తోక కొసన ముసలి గోరింక. పిడికెడు ఎముకలు, అంతే. కానీ ఈ బండ మీదే కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, పైడమ్మ, పైడమ్మ అని ఒకటే పేరు. అదెవరే అంటే, నా కూతురు, దాని పేరు కూడా పోతుందేమోనని భయంగా ఉంది మామా అంది."

పైడమ్మ ఎగిరి కొమ్మ మీదికి చేరి అంది.

"కళ్లు తెరువు మామా. పైడమ్మని నేనే."

నక్క ఉలిక్కిపడి, "తమాషాకి అన్నానే కోడలా!" అని మొత్తుకుంది. కాకి అప్పటికే కొండెక్కి చెట్టుచెట్టుకీ చెప్పేస్తోంది. ఆ రోజు నుంచి బండ దగ్గరికి చీమ కూడా చదువుకి రాలేదు. నక్క డొక్కలు పీక్కుపోయి, ఏటి ఒడ్డున ఎండ్రకాయల్ని తవ్వుకుంటూ బతికింది.

తొలకరి పడింది. పైడమ్మ గుంపుని వెంటేసుకుని నిలిచిన నీళ్ల మీదికి వెళ్లింది. ఇక్కడ పుట్ట, ఇక్కడ ఇప్పచెట్టు, ఇక్కడ చీలిన బండ అని కింద నీటిని చూస్తూ ఎగిరింది. ఒక్కొక్క పేరే గొంతులోకి వచ్చింది, మేనత్త కూడా వచ్చింది. ఆఖరికి ముత్యాలవ్వ పేరు మిగిలింది. దానికి తోపులో చోటు లేదు. చోటెక్కడో తెలియక, రెక్కలు లాగేస్తున్నా ఆ ఒక్క పేరే పిలుస్తూ నీళ్ల మీద తిరుగుతూనే ఉంది. గుంపు కూడా ఆమెతో తిరిగింది.

నీతి: జ్ఞాపకాన్ని చెట్టు మీద దాచుకున్నా చెవి మీద దాచుకున్నా ఒకటే; కళ్లు మూసుకోమన్నవాడి పళ్లు మాత్రం ముందు చూసుకో.