గంటయ్య కోసం ఆగిన ఆకు

ఒకప్పుడు పొగాకుకి తనదంటూ ఒక వాసన లేదు. కొండవాలున పెరిగినా, కాలవగట్టున పెరిగినా ఒకటే. కోసిన రోజునే చుట్ట చుట్టేవాళ్లు, కాల్చేవాళ్లు, దగ్గేవాళ్లు. పిల్లలూ, అప్పుడే ముక్కు చిట్లించకండి. ఇది చుట్ట కాల్చమని చెప్పే కథ కాదు. పోయిన మనిషి కోసం ఏడాది ఆగిన ఒక ఆకు కథ.

గోదావరి రెండు పాయలైన చోట, నడుమ మిగిలిన నేలని లంక అంటారు. అలాంటి ఒక లంకలో గంటయ్య అనే పడవవాడు, అతని కూతురు పోలమ్మ ఉండేవాళ్లు. ఏటా వరద వాళ్ల చేనుని ముంచేది. పోతూ పోతూ నల్లటి ఒండ్రు పరిచి పోయేది. ఆ ఏడు వరద తీశాక, ఆ ఒండ్రులో గంటయ్య పొగాకు నాటాడు. కావడితో నీళ్లు తెచ్చి, ఒక్కో మొక్కకీ దోసిలితో పోశాడు.

"పోలీ, ఈసారి మన నేల ఆకుతోనే చుట్ట చుట్టుకుంటానే," అనేవాడు రోజూ.

ఆకు చేటంత అయ్యేసరికి గంటయ్యకి జ్వరం తగిలింది. మూడోనాడు పోయాడు. ఆ చుట్ట కాల్చనే లేదు.

పదకొండో రోజున పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టడం అక్కడి ఆచారం. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడే తిరుగుతున్నట్టు. పోలమ్మ అన్నమూ చేపల పులుసూ వడ్డించింది. చేలోకి పరుగెత్తి పచ్చి ఆకు కోసి, చుట్ట చుట్టి, వెలిగించి విస్తరి పక్కన పెట్టింది.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ మూడుసార్లు తిరిగింది. ముట్టలేదు.

"మా అయ్యకేం తక్కువ చేశాను కాకమ్మా?" అంది పోలమ్మ.

"మీ అయ్య నా రెక్క మీదే ఉన్నాడు తల్లీ. ఇది మన నేల వాసన కాదంటున్నాడు. సంవత్సరీకానికి మళ్లీ వస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఇక రాను. మీ అయ్య తన పడవ రేవులోనే ఉండిపోతాడు," అంది కాకి.

పోలమ్మ చేలో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని పొగాకుకి తల కొట్టేసినట్టయింది. "అమ్మా, నాలో వాసన ఎందుకు లేదు?" అని గోదావరిని అడిగింది.

"నా ఒండ్రు తాగే పెరిగావుగా, ఎందుకుండదు? నీ పచ్చదనం దాన్ని పైకి రానివ్వడం లేదు. అది వదులుకోవాలి," అంది గోదావరి.

పొగాకుకి భయం వేసింది. పచ్చదనం పోతే ఇక తనని ఆకని ఎవరంటారు? కానీ గంటయ్య దోసిలి గుర్తొచ్చింది. "నన్ను కొయ్యి పోలమ్మా. కానీ కాల్చకు, దాచు," అంది.

పోలమ్మ ఆకులు కోసి చూరు కింద వేలాడదీసింది. గాలి వాటిని ఆరబెట్టింది. పొడైపోకుండా మంచు రోజూ తెల్లవారుజామున వచ్చి మెత్తబరిచింది. తర్వాత పోలమ్మ వాటిని కుప్ప వేసి, పైన బరువుగా రాయి పెట్టింది. కుప్పలో వేడి పుట్టింది. ఆకు లోలోపల ఉడికిపోయింది, రంగు మారింది, అయినా నోరెత్తలేదు.

"కుళ్లిపోద్దే పోలీ, ఎన్నాళ్లు దాస్తావ్?" అంది పక్కింటి గవరమ్మ.

"మా అయ్య ఆగాడు కదా పిన్నీ. ఆకు ఆగలేదా?" అంది పోలమ్మ.

సంవత్సరీకం వచ్చింది. పోలమ్మ చుట్ట వెలిగించింది. వరద తీసిన మొదటిరోజు ఒండ్రు వాసన లేచింది. తడిసిన పడవ చెక్క వాసన లేచింది. అయ్య రేవు నుంచి ఇంటికొచ్చాడేమోనని పోలమ్మ వెనక్కి తిరిగి చూసింది.

కాకి ఈసారి చుట్టూ తిరగలేదు. తిన్నగా వచ్చి అన్నం ముట్టి, గోదావరి మీదుగా ఎగిరిపోయింది.

"వెళ్లిపోయాడు," అంది పోలమ్మ. ఏడాదిగా తను కోరుకున్నది అదే. అయినా ఖాళీ రేవుని చూసి చాలాసేపు ఏడ్చింది.

అప్పటినుంచే పొగాకు కోసిన రోజున ఏమీ చెప్పదు. నీడన వేలాడి, కుప్పలో మాగి, పచ్చదనమంతా వదులుకున్నాకే నోరు విప్పుతుంది. అప్పుడు కొండవాలు ఆకు కొండనేల వాసన వేస్తుంది, లంక ఆకు గోదావరి వాసన వేస్తుంది.