అలవాటు పడనన్న పైడి

అనగనగా సముద్రం ఒడ్డున, ఉప్పు పండించుకునే ఒక ఊళ్ళో అప్పలకొండమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పొద్దున్నే ఉప్పుమళ్ళకి పోవడం, ఉప్పు కుప్ప పోయడం, ఇంటికొచ్చి ఒక్కదానికే వండుకోవడం. మాట్లాడే మనిషి లేక ఆవిడకి మాటలే తగ్గిపోయాయి.

ఒకరోజు ఆవిడ తమ్ముడు తన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు పైడి. నీ అంతే ఉండేది. వాళ్ళమ్మ జ్వరమొచ్చి పోయింది. తండ్రేమో ఎక్కడో దూరాన ఇటుకబట్టీ పనికి పోవాలి. పైడి ఏడుస్తుంటే తల నిమిరి, అత్త దగ్గర అలవాటైపోతుందిలే అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అప్పలకొండమ్మ చెయ్యి అలవాటు కొద్దీ ఒక్క మనిషికి సరిపడా బియ్యమే పోసింది. ఉడికాక గానీ ఆ సంగతి తెలియలేదు. అప్పుడు అన్నమంతా పిల్లకి పెట్టేసి, తను గంజి తాగింది. సరిపోయిందా అని మాత్రం అడిగింది. పైడి తలూపింది. అంతే, ఆ రోజుకి వాళ్ళ మాటలు.

ఆ ఊరి నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. పైడి ఒక గుక్క తాగి ఉమ్మేసింది. పక్కింటి ముసలమ్మ చూసి, నాలుగు రోజుల్లో అలవాటైపోతాయిలే అంది. ఆ తర్వాత ఉప్పుమడిలో దిగితే పాదాలు భగ్గున మండాయి. పనివాళ్ళూ అదే మాట అన్నారు. ఆ తర్వాత సముద్రం హోరుకి నిద్ర పట్టలేదు. అత్త కూడా అదే మాట అంది.

అన్నీ అలవాటైపోతే ఇంక అమ్మ గుర్తుండదు కదా, అనుకుంది పైడి. అందుకని అలవాటు పడకూడదని పట్టుబట్టింది. నీళ్ళు తాగినప్పుడల్లా ఉప్పగానే ఉన్నాయి, ఉప్పగానే ఉన్నాయి అని లోపల చెప్పుకునేది. పిల్లలు ఆటకి పిలిస్తే వెళ్ళేది కాదు. గుమ్మంలో ఒక్కతే కూర్చునేది. పొయ్యి దగ్గర అత్త ఒక్కతే కూర్చునేది.

ఒకరోజు మంచి ఎండలో దాహమేసి, పైడి చెంబెడు నీళ్ళు గటగటా తాగేసింది. తాగాక చూసుకుంది. ఉప్పు తెలియనే లేదు. అప్పుడు చెంబు అక్కడే పడేసి, ఉప్పుకుప్పల వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్త వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. పైడి అంది, "నీళ్ళు అలవాటైపోయాయి అత్తా. ఇంక అమ్మని కూడా మర్చిపోతాను."

అప్పలకొండమ్మ కొంగుతో పిల్ల మొహం తుడిచింది. "నాకు ఈ నీళ్ళు అలవాటే, ఈ ఎండా అలవాటే. మీ మావయ్య లేకపోవడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు తల్లీ. కొన్ని అలవాటు కావు. భయపడకు."

ఆ తర్వాత ఆవిడ పైడి వాళ్ళమ్మ ముచ్చట్లు చెప్పింది. పెళ్ళైన కొత్తలో చుట్టపుచూపుగా ఈ ఊరొచ్చి, పీతని చూసి బిందె వదిలేసి పరిగెత్తిందట. నవ్వొస్తే మోచేత్తో మొహం దాచుకునేదట. ఇవేవీ పైడికి తెలియవు. మళ్ళీ చెప్పమంది. అత్త మళ్ళీ చెప్పింది. ఎంతకాలమైందో ఆవిడ అంతసేపు మాట్లాడి.

పొద్దు వాలేసరికి పైడి అత్త చేతి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా ఆవిడ కదల్లేదు. అటుగా పోతున్న పక్కింటి ముసలమ్మ ఆగి, పిల్ల నీకు బాగా అలవాటైందే అంది.

అప్పలకొండమ్మ పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించి అంది, "కాదు పిన్నీ. నేనే దానికి అలవాటైపోయాను."

కథ వెళ్ళింది కంచికి, నిద్ర వచ్చింది కంటికి.