లోవమ్మ సామాను

శేషావతారానికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. అంటే మానేశాడని కాదు. ఆ మాట చెప్పినా ఆశ్రమంలో ఎవరూ నమ్మరు. తింటున్నాడు. కానీ ముద్ద ముద్దకీ కుంకుళ్ళమెట్ట మీది పిల్ల గుర్తొస్తోంది.

కుంకుళ్ళమెట్ట కొండరెడ్ల ఊరు. ఊరంటే పదో పదకొండో గడ్డి ఇళ్ళు. ఆశ్రమం కొండ కింద, ఏటి ఒడ్డున ఉంది. అవతారం అప్పుడప్పుడు జ్వరం మాత్రలు సంచిలో వేసుకుని పైకి వెళ్ళొస్తుంటాడు. తను ఎక్కుతుంటే కొండకే ఆయాసం వస్తుందని ఆయనే చెప్పుకుంటాడు. ఇంకొకళ్ళు అనేలోగా తనని తాను అనేసుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అలా అయితే నొప్పి తక్కువట.

కిందటిసారి వెళ్ళినప్పుడు లోవమ్మను చూశాడు. ఐదారేళ్ళ పిల్ల. తండ్రి కల్లు గీయడానికి ఎక్కి, జీలుగు చెట్టు మీంచి పడి చనిపోయాడు. తల్లి కిందటి వానాకాలం జ్వరంతో పోయింది. పొద్దున ఒకరింట్లో అంబలి తాగుతోంది, మధ్యాహ్నం ఇంకొకరి గుమ్మంలో కూర్చుని తింటోంది, చీకటి పడితే నిద్ర ఎక్కడొస్తే అక్కడ పడుకుంటోంది. ఒంటి మీద గౌను కూడా తనది కాదు, మడమల దాకా వేళ్ళాడుతోంది.

ఆ పిల్లను చూడగానే అవతారం గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఆయన వారాలు చేసుకుని చదువుకున్నవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. బుధవారం ఇంటావిడ చారు పోసేటప్పుడు గరిటె ఎంత ఎత్తున ఉందో చూసి, ఆవిడకు ఆ పూట ఎంత కోపంగా ఉందో చెప్పగలిగేవాడు. శుక్రవారం వాళ్ళయితే, ఈయన వచ్చే వేళకు తలుపు గడియ పెట్టుకుని లోపల చడీచప్పుడు లేకుండా కూర్చునేవారు. వంటింట్లో పోపు మాత్రం చిటపటమంటూనే ఉండేది.

అందుకే ఆశ్రమంలో పిల్లల కోసం వసతిగృహం కట్టించేదాకా అవతారం నిద్రపోలేదు. వరసగా ఇనుప మంచాలు, తెల్లటి దుప్పట్లు, ఎవరి పళ్ళెం వారికే. ఎవరి గుమ్మంలోనూ నిలబడక్కర్లేదు. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే "నాదేముందండీ" అంటూ ఇంకో రెండు మంచాలు చూపించేవాడు. అందులో ఒక మంచం ఖాళీగా ఉంది. ఖాళీ మంచమంటే ఆయనకు కంట్లో నలుసే.

పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరమ్మకు కబురు పెట్టేశాడు: పైన ఒక పిల్ల ఉంది, నా అన్నవాళ్ళు లేరు, మీరొచ్చి మాకు అప్పగించండి అని. మర్నాడు జీపు వస్తుంది. గురువుగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

గురువుగారు వసారాలో కూర్చుని పాత మంచానికి నులక బిగిస్తున్నారు. ఆయన పూర్తి పేరు చాలా పొడుగు. చివర ఏదో ఆనంద అని ఉంటుంది. మొదట ఏముందో ఆయనకే సరిగా గుర్తుండదు. అందరూ పెద్దస్వామి అంటారు.

అవతారం అంతా చెప్పాడు.

"రోజుకో ఇంట్లో తింటోంది స్వామీ. ఆ పిల్లకంటూ ఓ ఇల్లు లేదు. ఆ బతుకేమిటో నాకు తెలుసు."

"నీకు తెలుసు" అన్నారు పెద్దస్వామి, నులక లాగుతూ. "ఇటు చివర పట్టుకో."

అవతారం పట్టుకున్నాడు.

"మరి ఊళ్ళోవాళ్ళేమన్నారు?"

"ఏమంటారు స్వామీ? నేను అడగలేదు. వాళ్ళకి మాత్రం బరువు దిగదూ?"

పెద్దస్వామి ముడి వేశారు. "సరే. రేపు జీపు వచ్చేలోపు పైకి వెళ్దాం. నేనూ వస్తా."

అవతారానికి కొండంత ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళుగా గురువుగారి దగ్గర ఉంటున్నాడు. తను చెప్పింది వెంటనే ఆయన ఒప్పుకున్నది ఇదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

తెల్లవారుతూనే బయల్దేరారు. అవతారం సంచిలో కొత్త గౌను, బిస్కెట్ల పొట్లం పెట్టుకున్నాడు. పెద్దస్వామి చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. ముసలాయన అక్కడక్కడా ఆగి "నీ కోసమే ఆగుతున్నా" అనేవారు. అది నిజం కూడాను.

పైకి చేరేసరికి ఊరు ఊరంతా మౌనంగా ఉంది. జీపు సంగతి ఎలా తెలిసిందో, తెలిసిపోయింది. మామూలుగా అవతారాన్ని చూస్తే "వచ్చాడ్రా మాత్రలసామి!" అని ఎదురొచ్చే ఆడవాళ్ళు గుమ్మాల్లోనే నిలబడిపోయారు. ఊరికి పెద్దకాపు సోమిరెడ్డి తలపాగా తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"జీపొస్తాదంట గదా సామీ. పిల్లని అట్టుకుపోతారంట గదా."

"మా అవతారం తీసుకెళ్తానంటున్నాడు" అన్నారు పెద్దస్వామి. "మీరేమంటారు?"

సోమిరెడ్డి తలపాగాని చేతుల్లో నలిపాడు. "జీపోళ్ళతో మేం ఏమంటాం సామీ? అన్నా ఇంటారా?"

పెద్దస్వామి అరుగు మీద కూర్చుని కర్ర పక్కన పెట్టుకున్నారు. "అవతారం, నువ్వెళ్ళి పిల్ల సామాను సర్దుకురా. ఏదీ మర్చిపోకు. మళ్ళీ ఎక్కలేవు."

సామానా! ఆ పిల్లకు సామానేముంటుంది? ఒక్క గంతులో అయిపోయే పని అనుకున్నాడు అవతారం. ఆయన గంతు కాబట్టి రెండనుకున్నా చాలు.

రాత్రి పిల్ల పడుకున్నది బుల్లెమ్మ ఇంట్లో. అక్కడికి వెళ్ళాడు.

"లోవమ్మ బట్టలూ అవీ ఇవ్వమ్మా."

"బట్టలంటే ఒంటిమీదదేనండి" అంది బుల్లెమ్మ. "అదీ మా పెద్దదానిది. లోవమ్మ గౌను కిందింటి సిన్నదేసుకుంది. మా ఊళ్ళో గౌన్లు కూడా పిల్లల్లాగే, ఒక సోట నిలబడవండి."

"పక్కబట్ట?"

"బొంత కన్నారమ్మత్త కుడతాంది. ఆడ సూడండి."

కన్నారమ్మ ముసలమ్మ. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని బొంత కుడుతోంది. రంగురంగుల పాత చీర ముక్కలు. అవతారం అడిగితే తలెత్తలేదు.

"ఇంకా అవ్వలేదు అయ్యోరా. సలికాలానికి అవుద్ది. బుల్లెమ్మ కోక ముక్క ఇంకా ఇయ్యలేదు. ఇస్తానిస్తానంటాది, ఆ కోకే కట్టుకు తిరుగుతాది."

"ఇచ్చేత్తాలే అత్తా!" అని అటునుంచి బుల్లెమ్మ అరిచింది. "ఇచ్చేత్తే నేనేం కట్టుకోను?"

అవతారం సంచి ఇంకా ఖాళీగానే ఉంది. తరవాతి ఇంట్లో పిల్ల పేరు మీద వదిలిన కోడిపెట్ట ఉంది. అది గుడ్ల మీద పొదుగుతోంది, ఇప్పుడు లేపితే పొడుస్తుందన్నారు. నిజంగానే పొడిచింది. ఆ పక్కింట్లో ముసలాయన తన దగ్గర సగం చెప్పిన కథ ఉందన్నాడు. దుప్పి కొండ దిగే చోట పిల్ల నిద్రపోయిందట.

"కథ సామాను కాదు తాతా" అన్నాడు అవతారం.

"మరి సగం ఒదిలేసి ఎట్టా ఎల్తాది?" అన్నాడు ముసలాయన, అవతారం తెలివితక్కువతనానికి జాలిపడుతూ.

ఆ చివర ఇంటి దగ్గర కేకలు వినిపించాయి. వీరమ్మ అని, లోవమ్మ తల్లికి వరసకు అక్క. బుల్లెమ్మ మీద విరుచుకుపడుతోంది.

"నిన్న రాత్రి మాయింటికి రావాలి పిల్ల! దుంపలుడకేసి కూకున్నా. నువ్వట్టుకుపోయి పడుకోబెట్టేసుకున్నావు!"

"నిద్దరొచ్చిందొదినా, నేనేం జేసేది?"

"మొన్నా నిద్దరే, నిన్నా నిద్దరే! నీ ఇంట్లోనే వస్తాదేం దానికి నిద్దర?"

అవతారం అక్కడే నిలబడిపోయాడు. వారాల పిల్లవాడి కోసం ఇళ్ళవాళ్ళు పోట్లాడుకోవడం ఆయన ఎరుగును. "మీ వంతే కదా ఇవాళ", "కాదు మీదే" అని పోట్లాడుకునేవారు. ఇది అలాంటి పోట్లాట కాదని అర్థం కావడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది. బుర్ర కూడా ఆయన ఒళ్ళులాంటిదే, ఎత్తు ఎక్కడానికి టైము పడుతుంది.

వీరమ్మ ఈయన్ని చూసి నోరు కట్టేసుకుంది.

"పిల్ల సామాను..." అన్నాడు అవతారం. ఈసారి గొంతు అంత గట్టిగా రాలేదు.

"నా కాడ ఉన్నది ఇదొక్కటేనండి" అని వీరమ్మ మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది. నల్లపూసల మధ్య ఒక ఎర్రపూస ఉంది. "దీని తల్లిది. అది పోయిన్నాడు దాని మెళ్ళో పూసలపేరు తెంపి ఇంటికో పూస అట్టుకెళ్ళాం. మా ఊళ్ళో అంతేనండి. పూస తీసుకున్నామంటే బిడ్డని తీసుకున్నట్టు. దీని పెళ్ళినాడు అందరం తెచ్చి, మళ్ళీ గుచ్చి, దీని మెళ్ళో ఏస్తాం. అందాకా ఇది మాది."

అవతారం మిగిలిన గుమ్మాలకేసి చూశాడు. ప్రతి ఆడమనిషి మెళ్ళోనూ ఎక్కడో ఒక ఎర్రచుక్క. ఇన్నిసార్లు వచ్చి వెళ్ళాడు, ఇంతమందికి మాత్రలిచ్చాడు, నాలుకలు చాపించి చూశాడు. నాలుక కింద, మెడలో ఉన్నది కనిపించలేదు.

"పిల్ల ఊరు దాటాలంటే ముందు పూసలియ్యాల" అంది వీరమ్మ. తాడు పళ్ళతో కొరికి తెంపింది. పూస వేళ్ళ మధ్య పట్టుకుంది. "పట్టండి సామీ, చెయ్యి."

అవతారం చెయ్యి కదలలేదు.

"పట్టండి. ఒక్క పూసే. బరువేం ఉండదు."

గుమ్మాల్లో ఆడవాళ్ళందరూ చేతులు మెడల మీద పెట్టుకున్నారు.

ఎక్కడినుంచి వచ్చిందో లోవమ్మ వచ్చింది. పొడుగు గౌను రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, ఈ లావాటి మనిషిని పైనుంచి కిందికి చూసింది. వీరమ్మను అడిగింది:

"పెద్దమ్మా, ఈ సామి ఇయ్యాల ఎవరింట్లో తింటాడు?"

అంతే, ఒక్కసారే మాటలు లేచాయి. మాయింట్లో అంది బుల్లెమ్మ. దుంపలు నిన్నటినుంచీ ఉన్నాయి కాబట్టి మాయింట్లోనే అంది వీరమ్మ. నిన్నటి దుంపలు సామికి పెడతావా అంది కన్నారమ్మ, కుట్టడం ఆపి.

చివరికి వీరమ్మే గెలిచింది. పూసను కొంగున ముడేసుకుని అడ్డాకు విస్తరి వేసింది. లోవమ్మ పక్కన కూర్చుని, ఆయన ఆకులో దుంప అయిపోయినప్పుడల్లా తన ఆకులోది తోస్తూ పోయింది. ఇంత లావు మనిషికి అది చాలదని దానికి న్యాయంగానే తోచింది. అవతారం తల వంచుకుని తిన్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు. దుంపలు కారంగా ఉన్నాయేమో అని వీరమ్మ నీళ్ళిచ్చింది.

తిన్నాక అడిగాడు: "నిజం చెప్పమ్మా. పిల్లకేం తక్కువ?"

"మా పిల్లలందరికీ తక్కువైందేనండి దీనికీ తక్కువ" అంది వీరమ్మ. "బడి లేదు. వానల్లో జొరమొస్తే సూదేసేవాళ్ళు లేరు. దీని తల్లి పోయింది ఆ సూది లేకేనండి. ఆ సూదేదో పైకి పంపే దారుంటే సూడండి."

పెద్దస్వామి అరుగు మీద కునుకు తీస్తున్నారు. అవతారం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. భుజాన సంచి ఖాళీగా వేళ్ళాడుతోంది. బిస్కెట్లు పిల్లలు పంచుకున్నారు. కొత్త గౌను ఏ పిల్ల ఒంటి మీదకు ఎక్కిందో ఆయన చూడనే లేదు.

"సర్దావా?" అన్నారు పెద్దస్వామి, కళ్ళు తెరవకుండానే.

"లేదు స్వామీ."

"ఏం?"

అవతారం పక్కనున్న కర్ర తీసి గురువుగారి చేతికిచ్చాడు. ఆయన లేచారు. ఇద్దరూ కొండ దిగారు.

కింద ఏటి దగ్గర జీపు ఆగి ఉంది. ఆఫీసరమ్మ చెట్టు నీడన నిలబడి చూస్తోంది. వీళ్ళ వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆశ్చర్యపోయింది.

"పిల్లేదండీ? నా అన్నవాళ్ళు లేరని మీరేగా కబురు పెట్టారు?"

"నేనేనమ్మా. తప్పు చెప్పాను" అన్నాడు అవతారం. "సామాను సర్దడం ఇంకా కాలేదు."

"ఎప్పటికవుతుంది?"

"పెళ్ళీడుకి."

ఆమె ఈయన ముఖంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదు. అవతారం చేతులు జోడించాడు. "పిల్లని కిందికి దింపొద్దమ్మా. మీరు పైకి రండి. ఒక నర్సమ్మను పంపండి, సూదులతో. పిల్లలకి అక్షరాలు చెప్పేవాళ్ళు దొరికేదాకా నేను ఎక్కుతాను."

"మీరా?" అంది ఆఫీసరమ్మ, ఆయన పొట్టకేసి చూసి.

"రోజూ ఎక్కితే అదీ తగ్గుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొండకేసి చూసింది. తరవాత నవ్వు ఆగింది. వానలు పడేలోగా తనే ఒకసారి ఎక్కి చూస్తానంది, నర్సును వెంటబెట్టుకుని. జీపు ఎక్కబోతూ పెద్దస్వామి వైపు తిరిగింది.

"ఈయన మీ దగ్గర చాలా ఏళ్ళుగా ఉంటున్న శిష్యుడే కదండీ?"

"కాదమ్మా" అన్నారు పెద్దస్వామి. "ఇవాళే చేరాడు."