లోపలి గళ్లు

ఆటలు తయారుచేసే విద్యలో పరాంకుశం మాస్టారు ఎవరికీ పాఠం చెప్పి ఎరగరు. ఆదివారం మధ్యాహ్నాలు తునిలోని ఆయన ఇంటి వసారాలో నలుగురైదుగురు శిష్యులు చేరేవారు. ఎవరి అట్టముక్కలు వాళ్లు కత్తిరించుకునేవారు, ఎవరి పాచికలకు వాళ్లు చుక్కలు పెట్టుకునేవారు. అందరూ ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లే, ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో చీవాట్లు తినేవాళ్లే. ఎవరైనా సందేహం అడిగితే మాస్టారు అవుననరు, కాదనరు. చేతిలో కత్తెర కింద పెడితే మాత్రం ఏదో చెప్పబోతున్నారని వాళ్లకు గుర్తు.

ఒక ఆదివారం వినీల అడిగింది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, తీరిక దొరికితే ఆటలు కడుతుంది. ఆ ఏడాది కట్టిన ఆట పేరు ‘రేవు’. ఆడేవాళ్లు నలుగురూ నాలుగు వేషాలు కడతారు. ఒకరు పడవవాడు, ఒకరు మంత్రసాని, మిగతా ఇద్దరూ ఊరు వదిలిపోతున్న అన్నదమ్ములు. వరద పెరిగేలోగా పడవ అవతలి ఒడ్డు చేరాలి. తీరా చూస్తే ఆడినవాళ్లంతా గట్టు మీద కూర్చుని ఆ వేషాల్లోనే కష్టసుఖాలు చెప్పుకుంటారు తప్ప పడవ మాత్రం కదలదు. మూడు వారాలుగా ఇదే వరస. ఆరు చుట్లు దాటితే వరద అందరినీ ఊడ్చుకుపోతుందని ఒక నియమం చేరుద్దామని వినీల ఆలోచన.

“ఆట ముగియట్లేదంటే అది నియమంలో లోపమే కదా మాస్టారూ? దిద్దొద్దా?” అంది.

మాస్టారు కత్తెర కింద పెట్టారు.

ఆయనకు పాతికేళ్లప్పుడు పెద్దాపురంలో కాలవల నక్షలు గీసే ఉద్యోగం. సుదర్శనం గారని తాలూకా ఆఫీసు గుమస్తా ఒకాయన ఉండేవారు, ఆయన మేడ మీద గదిలో మాస్టారు అద్దెకు దిగారు. సుదర్శనం గారి భార్య మంగతాయారు. వాళ్లకు అలివేలు అని పదేళ్ల పిల్ల ఉండేది. మాస్టారు దిగిన ఏడాదే పిల్ల టైఫాయిడ్‌తో పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యమైందన్నారు డాక్టరు. ఆ ఆలస్యం ఎవరిదన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తి, తిట్టుకుని, ఏడ్చి ఉంటే బావుండేదేమో. ఇద్దరూ మాటలు మానేశారు. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆమె గోడ వైపే చూసేది.

సాయంత్రం ఒక్క గంట మాత్రం వేరు. సుదర్శనం గారు ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఆమె గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచమ్మా గీసి ఉంచేది. ఆయనవి చింతగింజలు, ఆమెవి గాజుముక్కలు. ఎదురెదురుగా కూర్చుని గవ్వలు వేసుకునేవారు. రోజు మొత్తం మీద ఒకరి ముఖం ఒకరు చూసుకునేది అప్పుడే.

ఆ ఆట తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాయ బయటి గళ్లన్నీ చుట్టాలి, ఆ తర్వాత లోపలి గళ్లలోకి వెళ్లి నడిమి గడిలో పండాలి. అయితే అవతలివాళ్ల కాయను ఒక్కదాన్నైనా చంపితే తప్ప లోపలికి దారి లేదు. ముగ్గురూ కలిసి ఆడిన రోజుల్లో అలివేలు “నాన్నని చంపేశా” అని వీధి చివరిదాకా వినపడేలా కేక పెట్టేది. ఇప్పుడు ఆ మాట ఇద్దరి నోటా రాదు. చంపే పందెం పడితే మంగతాయారు చూడనట్టే ఇంకో కాయ జరిపేది. ఆయనా అంతే. ఇద్దరి కాయలూ బయటి గళ్లలోనే గానుగెద్దుల్లా తిరిగేవి. చీకటి పడ్డాక ఆమె గవ్వలు తీసి గూట్లో పెట్టేది, మర్నాడు మళ్లీ మొదలు.

మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తుంటే మాస్టారికి ప్రాణం ఉసూరుమనేది. జాలి నిజమే, అందులో కల్తీ లేదు. కానీ జాలి పక్కనే ఆటలు కట్టేవాడి దురద కూడా ఉంది. ఇంత మంచి ఆట ఒక్క నియమం దగ్గర ఇలా అడ్డం పడిపోవడమేమిటని ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు పెద్దలు. పాతికేళ్లవాడికి ఆ మాట ఎక్కడ ఎక్కుతుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన అడక్కుండానే వడ్డించారు. రెండు వారాలు కూర్చుని టేకు పలక మీద గళ్లు చెక్కి, రంగులద్ది, కొత్త నియమం రాశారు. చంపనక్కర్లేదు, బయటి చుట్టు పూర్తయితే చాలు, కాయ లోపలికి వెళ్లొచ్చు.

ఆయన ఉత్సాహం చూసి మొగుడూ పెళ్లాం కాదనలేకపోయారు. ఆ సాయంత్రం పలక మీదే ఆడారు. దీపాలు పెట్టే వేళకు మంగతాయారు కాయలు నాలుగూ పండిపోయాయి. ఆమె ఖాళీ గళ్ల వైపు కాసేపు చూసి, “అయిపోయిందా నాయనా?” అని అడిగింది. అయిపోయిందండీ, మీరే గెలిచారు అన్నారు మాస్టారు, సంబరంగా. ఆమె గాజుముక్కలు కొంగులో వేసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు గచ్చు కడిగి ఉంది. సుద్ద గీతలు లేవు. సుదర్శనం గారు కాళ్లు కడుక్కుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. చీకటి పడేదాకా కూర్చున్నారు. ఆమె వంటింట్లోంచి రాలేదు, ఆయన పిలవలేదు. నాలుగు రోజులు ఇలాగే గడిచాక మాస్టారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, నా పలక తీసేస్తాను, పాత పద్ధతిలోనే ఆడుకోండి అని బతిమాలారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఒకసారి ముగిసిన ఆటను ముగియనట్టు ఎవరాడతారు? నెల తిరక్కుండా సామర్లకోట నుంచి ఆమె అన్నగారు వచ్చి, నాలుగు రోజులుండి వస్తుందని చెప్పి తీసుకెళ్లారు. ఆమె మళ్లీ రాలేదు.

మాస్టారు గది ఖాళీ చేసేరోజు సుదర్శనం గారికి చేతులు జోడించారు. మంచే జరుగుతుందనుకుని చేశానండీ అన్నారు. పెద్దాయన కోప్పడలేదు.

“మాకు లోపలికి వెళ్లాలని ఎప్పుడుంది బాబూ?” అన్నారంతే.

వసారాలో వినీల తన ఆట నియమాలు రాసుకున్న కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. మీరు మార్చిన నియమంలో అసలు తప్పెక్కడుంది మాస్టారూ అని అడిగింది.

పరాంకుశం మాస్టారు కత్తెర అందుకున్నారు.

“తప్పేం లేదమ్మా. నలభై ఏళ్లుగా వెతుకుతున్నాను.”